గాజు పలక

మార్చి. సరస్సు ఇంకా గట్టిగానే ఉంది.
పొద్దున్నే వెళ్లి బరమాతో తూటు పొడిచి చూసొచ్చాను,
నలభై రెండు సెంటీమీటర్లు.
ఎవరూ అడగలేదు. రిటైరై నాలుగేళ్లు.
అయినా చెయ్యి ఊరుకోదు,
ఏ బండి మంచు మీద దాటొచ్చో, ఏది ఒడ్డునే ఆగాలో
ముప్పై శీతాకాలాలు జెండా పాతి చెప్పిన చెయ్యి.

బూట్లు గుమ్మంలో విప్పి
నీ మొహానికీ నా మొహానికీ నడుమ
గాజు పలక ఎత్తి పట్టుకున్నాను, సిర్కా.
నువ్వు చూసిన అక్షరాన్ని
ఇవతలి నుంచి, కుడి ఎడమలు తారుమారైనదాన్ని,
కూడబలుక్కుంటాను.
ముందు చేతులు పోయాయి. తర్వాత మాట.
మెడ కిందటి నెలే దిండుకి లొంగిపోయింది.
నీ చెప్పుచేతల్లో మిగిలినవి ఈ రెండు నీలి కనుపాపలు.

ఇవాళ అడిగావు:
హల్లాకి తిండి పెట్టావా.

హల్లా పోయి పదకొండేళ్లు.
కట్టెల కొట్టం వెనక గొయ్యి తవ్వింది నేను,
చోటు చూపించింది నువ్వు.

కన్ను జారి పక్క అక్షరం మీద పడిందేమో.
నేనే తప్పు చదివానేమో.
మళ్లీ చూడు అన్నాను.
అవే అక్షరాలు, అదే వరుస,
ఒక్కటీ అటూ ఇటూ కాలేదు.
ఇరవయ్యారేళ్లు పోస్టాఫీసులో కూర్చున్నదానివి.
"చర్చి దాటాక, పసుప్పచ్చ తలుపు" అని మాత్రమే రాసిన కవరుని
తల ఎత్తకుండా సరైన అరలో పడేసేదానివి.
స్పెల్లింగ్‌లో నీకు ఎన్నడూ తప్పు రాలేదు.
ఇప్పుడూ రాలేదు. నా భయమంతా అదే.

కయానిలో డాక్టరు చెప్పాడు:
ఏఎల్ఎస్ ఒంటిని తింటుంది, మనసు జోలికి పోదు, సాధారణంగా.
ఆ చివరి మాట నేను చెవిన వేసుకోలేదు.
చక్కెర బిళ్లల డబ్బా ఒక్క మధ్యాహ్నంలో ఖాళీ చేస్తే
పోనీలే, వేళ్లు ఇంకా పట్టుకుంటున్నాయి కదా అని సంబరపడ్డాను.
మీ తమ్ముడి పెట్టెని గోతిలోకి దించుతుంటే
పగలబడి నవ్వావు.
పాస్టరమ్మ నీ భుజం నిమిరింది, ఆమెకి తెలిసింది.
నేను ఆ రాత్రంతా నీతో మాట్లాడలేదు.

మొన్న రాత్రి రెండింటికి లేపావు.
సౌనాలో పొయ్యి ఆర్పలేదట.
వెళ్లి చూసొచ్చి, చల్లగా ఉందన్నాను. నమ్మలేదు.
మళ్లీ వెళ్లాను, చొక్కా మీద కోటు తగిలించుకుని.
పొయ్యి మీద రాయి ఒకటి తెచ్చి
నీ చెంపకి ఆనించాను.
అప్పుడు నిద్రపోయావు.
రాయి తెల్లారేదాకా నా జేబులోనే ఉంది.

మంగళవారం ఆయిలి నర్సు వాచీ విప్పి ఒళ్లో పెట్టుకుంది.
ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు, ఎన్ని వస్తే అన్ని.
మూడు వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
నాలుగోది 'తౌనో'.
నా పేరు ఆ అక్షరంతో మొదలవదు.
ఆయిలి లెక్కలో వేసుకోలేదు.
నేను వేసుకున్నాను.

మంచు సంగతిలో నేను అబద్ధమాడినవాణ్ణి కాదు.
కొలవకుండా "మోస్తుంది" అని ఎవరికీ చెప్పలేదు,
అవతలి ఒడ్డున చర్చి గంట మోగుతుంటే
నా చెయ్యి పట్టుకుని బతిమాలిన పెళ్లికొడుక్కి కూడా.
ఇవాళ, కింద ఎంత మందం ఉందో తెలీకుండానే
కాలు మోపాను:
పెట్టాను. గిన్నె నాకేసింది.

నీ కళ్లు తేలికపడ్డాయి.
మళ్లీ పలక కోసం వెతికాయి.
సాయంత్రం వచ్చే మనిషి మంచివాడు.
కాళ్లు నొప్పి లేకుండా తిప్పుతాడు.
తౌనోకి చెప్పకు.

చెప్పనులే అన్నాను.
ఆ సాయంత్రప్పూట మనిషి మీద
కాస్త అసూయ కూడా వేసింది.

నా ఊపిరికి గాజు మసకబారింది.
చొక్కా చేత్తో తుడిచేసరికి
అక్షరాల అవతల నువ్వు
ఇంకో మాట మొదలెట్టేశావు.
మొదటి అక్షరం నాకు అందలేదు.